మచ్చను దాచని మెట్లు

17వ శతాబ్దంలో భారతదేశపు వజ్రాల గనులను చూసిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, అక్కడి సానపట్టేవారి పద్ధతి ఒకటి నమోదు చేశాడు. రాయి నిర్మలమైనదైతే, బరువు తగ్గుతుందన్న భయంతో వారు పైనా కిందా సానకు కాస్త తాకించి వదిలేసేవారు. మచ్చ ఉంటేనే రాయంతటా పలకలు తీర్చి దాన్ని మరుగుపరిచేవారు. నేటి గుండ్రని బ్రిలియంట్ కట్ ఉద్దేశం వేరు, వెలుగు రాబట్టడం; అయినా ఆ మిరుమిట్లలో చిన్న లోపాలు కంటపడవు. పెళుసైన పచ్చల మూలలు పగలకుండా కత్తిరించి, మెట్లుమెట్లుగా తీర్చే ఎమరాల్డ్ కట్‌కు ఆ చాటు లేదు. విశాలమైన పైపలక కిటికీలాంటిది. 1956లో గ్రేస్ కెల్లీ నిశ్చితార్థపు ఉంగరంలోని 10.47 క్యారెట్ల వజ్రం ఈ కోతదే. అంత బరువు ఎవరికి కావాలి! ఈ కోతలో క్యారెట్ తగ్గించుకుని స్వచ్ఛతకు వెచ్చించడమే వివేకం. మచ్చ పైపలక నడుమ ఉందా, అంచున ఉందా అన్నది మాత్రం ధరకన్నా ముందు చూడవలసినది.