తలకు రోజుకు కిలో

ఉగాండా నుంచి అట్లాంటిక్ తీరం దాకా ఒంటరిగా సైకిలు తొక్కి ఇంగ్లండ్ చేరిన బిల్ టిల్‌మన్, తోటి పర్వతారోహకుడూ మిత్రుడూ అయిన ఎరిక్ షిప్టన్‌కి ఉత్తరం రాశాడు. లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఓ రెండు వారాలు తిరిగొద్దామా అని. షిప్టన్ దగ్గర్నుంచి ఎదురు ప్రతిపాదన వచ్చింది. రెండు వారాలు కాదు, ఏడు నెలలు. లేక్ డిస్ట్రిక్ట్ కాదు, హిమాలయాలు. అది 1934.

షిప్టన్ మనసంతా నందాదేవి మీదే ఉంది. ఎత్తు 7,816 మీటర్లు. ఆ శిఖరం చుట్టూ డెబ్బై మైళ్ల పొడవున కొండలు కోట కట్టినట్టు నిలబడి ఉంటాయి. ఆ కోటగోడ ఎక్కడా 17,000 అడుగులకు తగ్గదు. పడమట ఒక్కచోట మాత్రం రిషిగంగ దాన్ని నిలువునా కోసుకుని బయటపడుతుంది. లోపల అడుగుపెట్టి వచ్చి చెప్పిన మనిషి లేడు. 1905లో పర్వతారోహకుడు లాంగ్‌స్టాఫ్ గోడ అంచుదాకా ఎక్కి లోపలికి చూశాడు గానీ దిగలేకపోయాడు. అల్మోడా డిప్యూటీ కమిషనర్‌గా పనిచేసిన హ్యూ రట్లెడ్జ్ పదేపదే ప్రయత్నించి తిరిగొచ్చాడు.

అంతకు ముందు ఏడాదే రట్లెడ్జ్ నాయకత్వంలో ఎవరెస్ట్‌కి వెళ్లొచ్చాడు షిప్టన్. వందల జంతువుల మీద సామాన్లు, పెట్టెలకొద్దీ డబ్బా తిండి, నెలల తరబడి ఏర్పాట్లు. ఆ హంగంతా అతనికి ఊపిరాడనివ్వలేదు. ఈసారి మనుషులు ఐదుగురే. తామిద్దరూ, డార్జిలింగ్ షెర్పాలు అంగ్ థార్కే, పసంగ్, కుసంగ్. ఖర్చు ఇద్దరిదీ కలిపి మూడు వందల పౌండ్ల లోపే. దుడ్డు మిగుల్చుకుందామని చేసిన పొదుపు కాదది. రిషిగంగ కోసిన గండిలో మనిషి తలకిందులవకుండా నడవాలంటే మోత తక్కువగా ఉండాలి, అదీ లెక్క.

ఆ లెక్క చూడండి. మనిషికి రోజుకు కిలోకి కాస్త తక్కువ తిండి. ఐదుగురికి రోజుకు నాలుగున్నర కిలోలు. నలభై రోజులకు నూట ఎనభై. అది మోయడానికి కూలీలు కావాలి, కూలీలకూ తిండి కావాలి, ఆ తిండి మోయడానికి మరికొందరు కూలీలు. ఈ గొలుసుకి అంతుండదు. గొలుసు తెగాలంటే మొదటి అంకెనే తగ్గించాలి. అందుకే దొరల తిండి, షెర్పాల తిండి అని రెండు రకాలు పెట్టుకోలేదు. అందరికీ ఒకే తిండి: గోధుమపిండి, బియ్యం, నెయ్యి, పంచదార, వేయించిన బార్లీ పిండి. ఆ పిండిని టీలో కలిపి ముద్ద చేసుకుంటే పొయ్యి పనే లేదు. ఆ రోజుల్లో తెల్లదొర, షెర్పా ఒకే గిన్నెలోంచి తినడం మామూలు విషయం కాదు. నాకైతే ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికన్నా పెద్ద సాహసం ఇదే అనిపిస్తుంది.

మే నెలలో జోషీమఠ్ దాటారు. బదరీనాథ్ యాత్రకు వెళ్లిన మనవాళ్లందరికీ తెలిసిన ఊరే. యాత్రికుల దారి అక్కణ్నుంచి ఉత్తరానికి సాగితే, వీళ్లు తూర్పుకి తిరిగారు. అటువైపు రైనీ దగ్గర రిషిగంగ ధౌలిగంగలో కలుస్తుంది. నలభై ఏళ్ల తర్వాత, 1974లో, గౌరాదేవి నాయకత్వంలో ఆడవాళ్లు చెట్లను కాపాడుకున్న ఊరు అదే. నది పక్కనే నడిచే దారి లేదు. కొంత దూరానికని కుదుర్చుకున్న కూలీలతో కలిసి పైనుంచి మంచులో చుట్టు తిరిగి దిబ్రుఘేటా అనే పచ్చిక బయలుకు దిగారు. ఇంకొంత దూరం పోయాక కూలీలకు లెక్క చెల్లించి పంపేశారు.

అక్కణ్నుంచి అసలు గండి. నిలువు బండలు, వాటి మీద జారే గడ్డి, పాదం ఆనించేటంత వెడల్పున అరుగులు. కింద ఎక్కడో రిషిగంగ హోరు. ఒక్క విడతలో మోయలేని బరువు. కాబట్టి కొంత మోసుకెళ్లి పెట్టడం, వెనక్కి రావడం, మళ్లీ మోయడం. నడవలేని చోట మూటల్ని తాళ్లతో చేదుకోవడం. దారి కనబడినట్టే కనబడి తెగిపోయేది. తెగిన ప్రతిసారీ ఒక పూట, పూటపూటకీ తిండి సంచి తరుగుదల. చిట్టచివరి బండ ఒక్కటి అడ్డం తిరిగింది. పైనుంచి పోదామంటే గోడ, కిందనుంచి పోదామంటే నది. వంతులవారీగా వెతగ్గా వెతగ్గా ఒక అరుగు ఇంకో అరుగుకి కలిసింది.

జూన్ మొదటివారంలో లోపల అడుగుపెట్టారు. పచ్చిక మైదానాలు. మనిషిని ఎరగని నీలి గొర్రెలు బెదరకుండా మేస్తున్నాయి. ఎక్కడానికి తొందరపడకుండా కొలతబల్ల వేసి పటం గీయడం మొదలెట్టారు. వానలు పట్టుకోగానే బయటికి వచ్చేశారు. ఖాళీగా కూర్చోలేదు, బదరీనాథ్ నుంచి కేదార్‌నాథ్ వైపు కొండల మీదుగా దాటారు. అక్కడ వేసిన లెక్క తప్పింది. తిండి అయిపోయి, ఎలుగులతో పోటీపడి వెదురు మొలకలు ఏరుకుని తిన్నారు.

వానలు తగ్గాక మళ్లీ గండిలోకి వెళ్లారు. ఈసారి వచ్చిన దారినే పోకుండా దక్షిణపు గోడలో సుందర్‌ఢూంగా కనుమ మీదుగా దిగాలని పథకం. 1932లో రట్లెడ్జ్ అవతలి వైపునుంచి ఆ కనుమ కింది మంచు జలపాతాన్ని చూసి, కుదరదని వెనుదిరిగాడు. కిందనుంచి కుదరనిది పైనుంచి కుదురుతుందా? దిగితేగానీ తెలియదు. సగం దిగాక దారి తెగితే తిరిగి పైకెక్కి, గండి మొత్తం మళ్లీ నడిచి బయటపడాలి. సంచుల్లో అంత తిండి మోయాలంటే దిగడమే కష్టం.

సెప్టెంబరులో కనుమ ఎక్కి, ఒకే తాడుకి కట్టుకుని దిగారు. ఆరు వేల అడుగుల వాలు, విరిగి వేలాడే మంచు గుట్టలు, వాటి మధ్య నోళ్లు తెరిచిన బీటలు. ఒకచోట దారి మూసుకుపోతే పక్కకి, అక్కడా మూసుకుపోతే మళ్లీ పైకి. చివరికి మంచు అయిపోయి రాయి తగిలింది, రాయి తర్వాత గడ్డి, గడ్డి తర్వాత అడవి. సుందర్‌ఢూంగా లోయలోంచి ఐదుగురూ కుమావూ ఊళ్లలోకి నడిచారు.

రెండేళ్ల తర్వాత, 1936 ఆగస్టు 29న, టిల్‌మన్ మరో పర్వతారోహకుడు ఓడెల్‌తో కలిసి నందాదేవి కొనమీద నిలబడ్డాడు. వాళ్ల బృందం లోపలికి వెళ్లింది 1934లో ఈ ఐదుగురూ పట్టుకున్న దారినే.