దూర శ్రవణ శిక్షణ

వినికిడి లోపమున్న పిల్లలకు వీడియో ద్వారా మాట వినడం, పలకడం నేర్పుతూ, తల్లిదండ్రులనే శిక్షకులుగా తీర్చే పద్ధతిని దూర శ్రవణ శిక్షణ అంటారు. ఈ ఆలోచన అంతర్జాలం కన్నా పాతది. 1942లో లాస్ ఏంజెలెస్‌లో వెలసిన జాన్ ట్రేసీ క్లినిక్ ఇటువంటి పాఠాలను తల్లులకు ఉత్తరాల రూపంలో పంపేది.

లోపలి చెవిలో అమర్చి శ్రవణ నాడికి విద్యుత్ సంకేతాలందించే కాక్లియర్ ఇంప్లాంటుకు శస్త్రచికిత్స కొన్ని గంటల్లో ముగిసినా, ఆ తరువాతి శిక్షణ ఏళ్ళ తరబడి సాగవలసి ఉండడం వల్ల, హైదరాబాదుకు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని భద్రాచలం, దానికీ ఆవలి దుమ్ముగూడెం, చర్ల అటవీ పల్లెల కుటుంబాలకు వారం వారం ప్రయాణం కూలి పోగొట్టుకోవడమే అవుతుంది.

అందుకే ఫోనులో ఇంటికే చేరే ఈ పాఠం సాధారణంగా ‘ఆ, ఈ, ఊ, ష్, స్, మ్’ అనే ఆరు లింగ్ ధ్వనులతో మొదలవుతుంది. ఇవి మాటలోని మంద్రం నుంచి తారం వరకు గల శ్రుతులకు ప్రతినిధులు. ఫోను స్పీకరు ‘స్’ వంటి సన్నని ధ్వనిని మింగేస్తుంది గనుక, శిక్షకురాలు తాను పలకక తల్లి చేత, పెదవులు కనబడకుండా, బిడ్డ పక్కనుంచి పలికిస్తుంది. ఇప్పపూలు ఏరడం, పొయ్యి రాజేయడం వంటి ఇంటి పనులే పాఠ్యాంశాలు.

సిగ్నలు అందకపోవడం కంటే చిక్కైనది భాష: ఈ పల్లెల్లోని కోయ గిరిజనుల ఇళ్ళలో బిడ్డ రోజంతా వినేది కోయ మాట కాగా, తెర మీది శిక్షణ తెలుగులో సాగుతుంది.