జబ్బుంటే కాపురం నిలవదా?

1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశం మొత్తమ్మీద నాలుగంటే నాలుగు జిల్లాల్లో మొదలైంది. వాటిలో మెదక్ ఒకటి. సిద్దిపేట అప్పుడు ఆ జిల్లాలోదే. అంతకుముందు ఇక్కడివాళ్లకు తెలిసిన దారి దాదాపు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ఒక్కటే.

ఆ కార్యక్రమం దృష్టి ప్రధానంగా తీవ్రమైన మానసిక జబ్బుల మీదే ఉండేది. భర్త రావడం ఆలస్యమైతే తనను వదిలేశాడని వణికిపోయే ఇల్లాలు, ఒక్క మాటకే భగ్గుమని ఆ వెంటనే తనను తాను గాయపరచుకునే యువకుడు ఆ లెక్కలోకి రాలేదు. ఊళ్లో వాళ్లకు దొరికిన పేర్లు మొండిఘటం, కోపిష్టి. దొరికిన మందు పెళ్లి. అదీ పనిచేయకపోతే, ‘ఒక పిల్లనో పిల్లగాడో పుడితే కుదురుకుంటది’ అన్న ఓదార్పు.

ఇలాంటి తీరు వెనక ఉండగల ఒక జబ్బు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. న్యూయార్క్ మనోవిశ్లేషకుడు అడాల్ఫ్ స్టెర్న్ 1938లోనే ఇలాంటి రోగుల గురించి రాశాడు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో దానికి చోటు దక్కింది మాత్రం 1980లో. చాలామంది వైద్యులు సైతం ఇది లొంగే జబ్బు కాదనుకునేవారు. అమెరికా మనస్తత్వవేత్త మార్షా లైనహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్స ఫలితాలు 1991లో వెలువడి ఆ నమ్మకాన్ని కదిలించాయి. చిన్న వయసులో తానూ మానసిక వైద్యశాలలో గడిపానని 2011లో ఆమె ధైర్యంగా లోకానికి చెప్పింది.

పరిశోధకురాలు మేరీ జానరిని బృందం 1992 నుంచి అమెరికాలో ఈ జబ్బున్న 290 మంది జీవితాలను ఏళ్ల తరబడి గమనించింది. పదేళ్లలో 93 శాతం మందికి కనీసం రెండేళ్ల పాటు లక్షణాలు తగ్గాయి. ఉద్యోగం, బంధాలు కూడా కుదుటపడినవారు సగం మందే. పెళ్లి లేదా సహజీవనం, పిల్లలు కోలుకున్నవారిలోనే ఎక్కువ. పెళ్లే మందు అనడానికి ఇందులో ఆధారమేమీ లేదు.

జబ్బున్నవారి కాపురాల విషయంలో మన దగ్గర కోర్టుకెక్కిన ఒక ముఖ్యమైన కేసు స్కిజోఫ్రీనియా అనే మరో మానసిక జబ్బుది. ఆంధ్రకు చెందిన డాక్టర్ దంపతుల వివాదంలో భర్త కోరిన విడాకులను 2013లో సుప్రీంకోర్టు నిరాకరించింది. భార్య పీజీ డిప్లొమా చేసి, ప్రభుత్వ వైద్యాధికారిగా పనిచేస్తున్న సంగతిని గమనించింది. కేవలం జబ్బు పేరు చూపి కాపురం తెంచడం కుదరదన్న ఈ తీర్పు బోర్డర్‌లైన్ ఉన్నవారికీ అండే.

మానసిక జబ్బున్న తల్లుల గోడు ఇంకా ఆలస్యంగా వినబడింది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2009లో తల్లీబిడ్డల వార్డు తెరిచింది. చికిత్స కోసం చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది.

సిద్దిపేట 2016లో జిల్లా అయింది, 2018లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఇలాంటి వార్డులూ, థెరపీ నేర్చినవారూ జిల్లా కేంద్రాల్లోనే దొరకాలి. ఈలోగా టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది. తెలుగులో, ఉచితంగా, ఏ వేళైనా మాట్లాడవచ్చు. జబ్బున్నవారే కాదు, వారితో కాపురం చేస్తున్నవారూ ఫోన్ చేయండి.