మంట నుండి మీటరు దాకా: బట్టీ కంట్రోలర్ల చరిత్ర, కొన్ని అనుభవాలు

ప్రత్యేక సంచికకు సర్వీసు నాటి సంగతులు ఏవైనా వ్రాయమని సంఘం కార్యదర్శిగారు అడిగారు. రెవెన్యూలోను, విద్యాశాఖలోను పనిచేసిన మిత్రులకు బదిలీల కథలు, తనిఖీల కథలు కావలసినన్ని ఉంటాయి. ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా బట్టీల పక్కన రోజులు గడిపిన నా దగ్గర ఉన్నవి డిగ్రీలు, మిల్లీఓల్టులు మాత్రమే. అయినా వాటికీ ఒక చరిత్ర ఉంది. అందులో ఒక మనిషి ఉద్యోగం నిలిచిన సంగతి కూడా ఉంది కనుక, కొంచెం ఓపికతో చదవమని మనవి.

మన జహీరాబాద్ ప్రాంతమంతా ఎర్రమట్టి, ఎర్రరాయి. అల్లానికి, ఆలుగడ్డకు, చెరకుకు పేరుపడిన ఈ నేలలోనే కుమ్మరి ఆవాలు, ఇటుక బట్టీలు కూడా ఉన్నాయి. ఆవం పేర్చిన కుమ్మరి దగ్గర థర్మామీటరు ఉండదు. పొగ రంగు, మంట రంగు చూసి చెబుతాడు. మసక ఎరుపు అంటే సుమారు 650 డిగ్రీలు, పండు ఎరుపు అంటే 800 పైచిలుకు, నారింజ రంగు తిరిగితే 950 దాటినట్టు, పసుపు పచ్చన అయితే 1100 దగ్గర. పల్లె కుండలకు 700 నుండి 900 వరకు చాలు. ఇంత స్థూలమైన కొలతతోనే వేల సంవత్సరాలు పని జరిగింది. జరగని రోజున మాత్రం నెల రోజుల శ్రమ పెంకులయ్యేది. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆ గుదియ పని బట్టీలో వేడి చేస్తుంది.

వేడిని కంటితో కాక అంకెతో చెప్పాలని గట్టిగా పట్టుబట్టినవాడు ఇంగ్లండులో పింగాణీ సామాను చేసిన జోసయ్యా వెడ్జ్‌వుడ్. కాలినకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది కదా. ఒకే కొలతగల మట్టి బిళ్ళలను బట్టీలో పెట్టి, తీసిన తరువాత క్రమంగా సన్నబడే గాడి ఉన్న ఇత్తడి పలకలో జార్చి, ఎంత దూరం పోయాయో చూసేవాడు. 1782లో ఈ సాధనాన్ని ప్రకటించాడు. మరుసటి ఏడాది రాయల్ సొసైటీవారు ఆయనను సభ్యునిగా తీసుకున్నారు. ఆయన వేసిన డిగ్రీల లెక్క అసలు వేడి కంటే చాలా ఎక్కువ చూపేదని తరువాత తేలింది. కాని ఒక కాల్పును మరొక కాల్పుతో పోల్చడానికి ఆ బిళ్ళలు పనికివచ్చాయి. పనివాడికి కావలసింది ముందు అదే.

ఆ తోవలోనే 1886లో బెర్లిన్ రాజవంశపు పింగాణీ కార్ఖానాలో హెర్మన్ సెగర్ కోన్లు తయారుచేశాడు. పదేళ్ళకు అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ తన కోన్లు తెచ్చాడు. కోన్ అంటే వేలెడంత మట్టి శంకువు. నిర్ణీత వేడి తగలగానే మెత్తబడి తల వంచుతుంది. ఒక్కొక్క నంబరు కోన్ ఒక్కొక్క వేడికి వంగుతుంది. దీని గొప్పతనం ఏమిటంటే, ఎంత వేడి తగిలిందన్నదే కాదు, ఎంతసేపు తగిలిందన్నది కూడా ఇందులో కలిసి వస్తుంది. లోపల కాలుతున్న సరుకు పడే పాట్లు అదీ పడుతుంది. కనుక దానికి అబద్ధం చెప్పే అవకాశం తక్కువ.

ఇంకొక తోవ కరెంటుది. 1821లో సీబెక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒక కొస వేడిచేస్తే పక్కనున్న అయస్కాంత సూది కదులుతుందని కనిపెట్టాడు. థర్మోకపుల్ పుట్టింది అందులోనుంచే. 1880 దశకంలో ఫ్రాన్సులో లె షాటెలియే ప్లాటినం, రోడియం తీగలతో దానిని బట్టీలకు పనికివచ్చేలా దిద్దాడు. మేము ఎక్కువగా వాడినది చౌక రకం, క్రోమెల్–అల్యూమెల్ తీగలది. కాగితం మీద దాని పేరు 'కె' టైపు. డిగ్రీకి సుమారు 41 మైక్రోఓల్టులు ఇస్తుంది. వెయ్యి డిగ్రీల మంటలో పెట్టినా వచ్చేది 41 మిల్లీఓల్టులే, అంటే టార్చిలైటు సెల్లులో ముప్పయ్యో వంతు కూడా కాదు. ఆ కాస్త ఓల్టేజీని నమ్ముకునే లక్షల రూపాయల సరుకు కాలుతుంది.

కొలిచిన తరువాత అదుపు చేయడం. మొదటి కంట్రోలర్లు వేడి తక్కువైతే కరెంటు ఇవ్వడం, ఎక్కువైతే తీసేయడం వరకే ఎరుగుదురు. ఓడ చుక్కాని పట్టేవారి ఒడుపును లెక్కలలోకి తెచ్చి 1922లో మినోర్‌స్కీ వ్రాసిన వ్యాసంతో పి.ఐ.డి. పద్ధతికి శాస్త్రం ఏర్పడింది. దానిని ఎలా సర్దాలో 1942లో జీగ్లర్, నికల్స్ సూత్రాలు చెప్పారు. ఇది పెద్ద విద్య ఏమీ కాదు. పాలు కాచే ఇల్లాలు చేసేది ఇదే. పొంగడానికి ఇంకా ఎంత ఉందో చూస్తుంది, అది మొదటిది. పుల్లలు పచ్చివై చాలాసేపటినుంచి వేడెక్కడం లేదని ఇంకొకటి ఎగదోస్తుంది, అది రెండవది. నురగ ఎంత వేగంగా లేస్తున్నదో చూసి ముందే మంట తీస్తుంది, అది మూడవది. మూడూ తెలిసినవారింట్లో పాలు పొంగవు.

మన చుట్టుపక్కల ఈ విద్య ఎప్పుడు వచ్చిందంటే, పెద్ద బట్టీలతోనే. నిజాం రాజ్యంలోని షాబాద్ సిమెంటు కంపెనీ 1936లో ఎ.సి.సి.లో కలిసిన పది కంపెనీలలో ఒకటి. తరువాత తాండూరులో కూడా సిమెంటు కార్ఖానాలు వచ్చాయి. సిమెంటు బట్టీలో సరుకు 1450 డిగ్రీల దాకా కాలాలి. అక్కడి బర్నర్ మనిషి నీలి అద్దం అడ్డం పెట్టుకుని మంట చూస్తూ నిలబడేవాడు. హైదరాబాదులో 1967లో ఇ.సి.ఐ.ఎల్. వెలిసింది. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో పుట్టిన డాక్టర్ ఎ.ఎస్.రావు గారు దాని నిర్మాత. ఇ.సి. టీవీ మన అందరికీ గుర్తే కాని, ఆ సంస్థ అసలు పని అణుశక్తి కేంద్రాలకు కావలసిన ఎలక్ట్రానిక్ కంట్రోల్ సామగ్రి. దాని పొరుగునే 1971లో వచ్చిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో యురేనియం ఆక్సైడు బిళ్ళలను 1700 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ వాయువులో కాలుస్తారు. అక్కడ మంట రంగు చూసి చెప్పే మాటే లేదు. మన ఊరికి 1980 దశకంలో ఆల్విన్–నిస్సాన్ చిన్న లారీల కర్మాగారం వచ్చింది, అది తరువాత మహీంద్రావారి చేతికి పోయింది. బండ్ల రంగును ఓవెన్‌లో కాల్చి గట్టిపరచవలసిందే కనుక, థర్మోకపుల్, సెట్ పాయింట్ అన్న మాటలు మన ఊరి ఐ.టి.ఐ. పిల్లల నోట అప్పటినుంచే వినబడసాగాయి.

ఇక నేను చూసిన సంగతి. ఆ ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అవసరం లేదు. బొంబాయి రోడ్డు మీద వచ్చి, కొన్నాళ్ళు నడిచి, మూతపడిన వాటిలో అదొకటి. గ్లేజు టైళ్ళు చేసేవారు. ఎలక్ట్రిక్ బట్టీ 1060 డిగ్రీలకు నడిచేది. రాత్రి షిఫ్టులో బట్టీ చూసే పెద్దాయనను అందరం చాచా అనేవాళ్ళం. చదువు అయిదో తరగతి, కాని కిటికీ రంధ్రంలోంచి ఒకసారి చూసి చెప్పిన వేడికి, మీటరుకు పది పదిహేను డిగ్రీల తేడా కూడా ఉండేది కాదు.

1988 వేసవిలో పాత ముల్లు మీటరు తీసేసి కొత్త ఎలక్ట్రానిక్ కంట్రోలర్ పెట్టారు. అది ఎండకు, దుమ్ముకు ఆగదని దూరంగా కూలరు ఉన్న గదిలో ప్యానెలు కట్టారు. బట్టీ నుండి అక్కడికి కొత్త కేబులు లాగారు. మొదటి కాల్పులోనే గ్లేజు కారిపోయి టైళ్ళు పలకలకు అంటుకుపోయాయి. బట్టీ మొత్తం సరుకు పోయింది. చార్టు కాగితం చూస్తే గీత చక్కగా 1060 దగ్గరే ఉంది. యంత్రం సరిగా నడిచింది కనుక మనిషే ఏదో చేసి ఉండాలని పైవారు తేల్చారు. చాచాకు చార్జిమెమో ఇచ్చారు. రిటైరుమెంటుకు రెండేళ్ళు ఉంది. 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం, నిర్లక్ష్యంతో నష్టం కలిగించాడని ఉద్యోగంలోనుంచి తీసేస్తే, ఆ నష్టం మేరకు గ్రాట్యుటీ కూడా కోసేయడానికి అప్పట్లో వీలుండేది. ఒక బట్టీ టైళ్ళ ఖరీదు ముందు ఆయన గ్రాట్యుటీ ఎంత? మొత్తం తుడిచిపెట్టుకుపోయేది.

చాచా నాతో అన్న మాట ఇది: "బేటా, మంట తెల్లగ కొట్టింది. మీటరు తక్కువ చూపిస్తున్నదని షిఫ్టు సాబుకు చెప్పిన. నీ కండ్లు ముసలివైనయి, మీటరును నమ్ము అన్నడు." అయినా ఆయన పాత అలవాటు ప్రకారం లోపల మూడు కోన్లు పెట్టి ఉంచాడు. "చాచా, అవి పారేయకండి, గుడ్డలో కట్టి దాచండి" అన్నాను. ఒకటి వంగి, ఒకటి సగం వంగి, ఒకటి నిలబడి ఉండాలి. మూడూ నేలకు కరిచి ఉన్నాయి. అంటే వేడి నిజంగానే మీరింది. అబద్ధం చెప్పింది మీటరు. మరి ఎక్కడ?

బట్టీ రోగం పట్టుకోవడానికి నా పద్ధతి ఒకటే. మంట దగ్గరనుంచి బయలుదేరి ఒక్కొక్క జాయింటును అడుగుతూ రావాలి. ముందు థర్మోకపుల్, తరువాత కేబులు, తరువాత కంట్రోలర్, ఆ తరువాత కాంటాక్టర్, చివరికి ఎలిమెంటు. చాలామంది పెట్టె మూత ఊడదీసి మొదలుపెడతారు. పెట్టె తప్పు చేసిన సందర్భాలు నా సర్వీసులో తక్కువ. కొత్త కేబులు చూస్తే పసుపు, ఎరుపు తీగలు. అది అమెరికా రంగుల పద్ధతి. అందులో ఎరుపు నెగటివ్. మన ఎలక్ట్రీషియన్లకు ఎరుపంటే పాజిటివ్. కంట్రాక్టరు మనిషి రెండు కొసల్లోనూ ఎరుపు తీగను పాజిటివ్‌కు బిగించాడు.

ఒక కొసలోనే తిరగబడితే వెంటనే బయటపడేది, బట్టీ వేడెక్కినకొద్దీ అంకె తగ్గుతుంది. రెండు కొసల్లోనూ తిరగబడితే పైకి అంతా సవ్యంగానే కనబడుతుంది. కాని థర్మోకపుల్ తలకాయకు, ప్యానెలుకు మధ్య ఎంత వేడి తేడా ఉందో, దానికి రెట్టింపు తక్కువ చూపుతుంది. బట్టీ గోడకు ఉన్న తలకాయ దగ్గర 70 డిగ్రీలు, కూలరు గదిలో 30. తేడా 40, రెట్టింపు 80. మీటరు 1060 అన్నప్పుడు లోపల 1140.

ఈ లెక్క పైవారికి చెబితే తలకెక్కదని తెలుసు. బట్టీ చల్లగా ఉన్న రోజున వారిని ప్యానెలు ముందు నిలబెట్టాను. క్యాంటీను నుండి వేడినీళ్ళు తెప్పించి, గుడ్డ తడిపి పిండి, బట్టీ బయట ఉన్న థర్మోకపుల్ తలకాయకు చుట్టించాను. తీగలు సరిగా ఉంటే అంకె కదలకూడదు. కాని 25 దగ్గర ఉన్న అంకె దిగుతూ దిగుతూ సున్నా దాటి మైనస్‌లోకి పోయింది. నడివేసవిలో జహీరాబాదులో మూసిన బట్టీ మంచుకంటే చల్లబడిందని యంత్రమే చెప్పింది! ఎవరూ మాట్లాడలేదు. తీగలు మార్చి మళ్ళీ గుడ్డ చుట్టాం, అంకె కదలలేదు. గుడ్డలో కట్టిన కోన్లు చాచా తెచ్చి బల్ల మీద పెట్టాడు. వారం లోపల మెమో వెనక్కు తీసుకున్నారు. రెండేళ్ళ తరువాత ఆయన మచ్చలేని సర్వీసుతో, పూర్తి గ్రాట్యుటీతో దిగాడు. ఆనాటినుంచి ప్రతి కాల్పులోను కోన్లు పెట్టాలని రిజిస్టరులో వ్రాయించారు.

తరువాత తరం కంట్రోలర్లు వచ్చాయి. ఎన్ని గంటలకు ఎంత ఎక్కాలో, ఎంతసేపు నిలవాలో ముందే నేర్పవచ్చు, ఇప్పుడైతే ఫోనులో కూడా చూసుకోవచ్చు. థర్మోకపుల్ తెగితే చాలా వరకు అవే కరెంటు తీసేస్తాయి. అదే థర్మోకపుల్ తెగకుండా బట్టీలోంచి జారి బయట వేలాడితే మాత్రం ఏ పెట్టెకూ వెంటనే తెలియదు, చల్లగా ఉందనుకుని కరెంటు ఇస్తూనే ఉంటుంది. కాంటాక్టరు పాయింట్లు అతుక్కుపోయినా అంతే, కంట్రోలర్ ఆపమన్నా ఆగదు. వాటి స్థానంలో వచ్చిన సాలిడ్ స్టేట్ రిలేలు కూడా చెడితే ఎక్కువగా ఆన్‌లోనే చెడతాయి. అందుకే విడి థర్మోకపుల్‌తో, విడి కాంటాక్టరుతో రెండో కాపలా ఉండాలి. ఖర్చు అని మొదట మానేసేది దానినే.

పంపుసెట్లు నడిచే కాలంలో వచ్చే ఫిర్యాదు ఇంకొకటి: "కంట్రోలర్ చెడింది, వేడి ఎక్కడం లేదు." ముందు ఓల్టేజీ చూడమనేవాడిని. వేడి ఓల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండవలసింది 180 ఉంటే వేడి నూటికి 61 పాళ్ళే. పెట్టె మార్చినా ఫలితం ఉండదు. ఓల్టేజీ బాగుండి కూడా ఎక్కకపోతే ఎలిమెంట్లు ముసలివయ్యాయన్నమాట.

తీగల రంగుల విషయంలో ఇప్పుడు అంతర్జాతీయ పద్ధతి ఉంది. కె టైపుకు ఆకుపచ్చ పాజిటివ్, తెలుపు నెగటివ్. అయినా పసుపు, ఎరుపు కేబులు దుకాణాల్లో దొరుకుతూనే ఉంది. మనవళ్ళో, మనవరాళ్ళో ఇంట్లో చిన్న పాటరీ బట్టీ పెట్టుకుంటే, రంగులను నమ్మకుండా ఒక చిన్న అయస్కాంతం దగ్గర ఉంచుకోమనండి. కె టైపులో అయస్కాంతానికి అంటుకునే తీగ అల్యూమెల్. అదే నెగటివ్.