శ్లాబు మీద పిల్లాడు, సభలో దుర్గాబాయమ్మ

దోహా, దుబాయ్, మస్కట్, సింగపూర్... ఎక్కడైనా సరే, డ్యూటీ దిగి గదికొచ్చి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటున్న అన్నలకీ తమ్ముళ్ళకీ అక్కచెల్లెళ్ళకీ. ఈ ఎపిసోడ్ నేను టెక్సాస్‌లోని కాపెల్‌లో, నా కారులో కూర్చుని రికార్డు చేశాను. పక్కనే డాలస్ ఎయిర్‌పోర్టు. విమానాల మోతకి కొన్ని మాటలు వినపడలేదని కొందరు మెసేజ్ పెట్టారు. అందుకని చెప్పిందంతా ఇక్కడ రాసి పెడుతున్నా. నాది ఐటీఐ చదువు, తప్పులుంటే మన్నించాలి.

ముందు నా సైటు మీద జరిగింది చెప్తాను. చరిత్ర ఆ తర్వాత.

పోయిన జూన్‌లో ఓ ఇంటికి రూఫింగ్ పని నడుస్తోంది. పొద్దున్నే ఎండ మండిపోతోంది. పని చేసే వాళ్ళని లెక్కెడుతుంటే పైన ఒకడు ఎక్కువొచ్చాడు. చూస్తే పిల్లాడు. షింగిల్స్ కట్ట భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కేస్తున్నాడు. కిందికి పిలిచి వయసు అడిగా. పదిహేను. వాళ్ళ నాన్న సబ్ కాంట్రాక్టర్. "బడికి సెలవులు కదా, నా కొడుకే కదా, నా పక్కనే ఉంటాడు" అన్నాడు. ఇక్కడి చట్టం ప్రకారం పద్ధెనిమిది నిండని వాడు రూఫ్ మీద పని చెయ్యకూడదు, సొంత తండ్రి దగ్గరైనా సరే. పంపించేయమన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు. "నువ్వూ కూలోడివేగా, నీకు తెలీదా ఇంట్లో పరిస్థితి" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నాకు తెలుసు. పన్నెండేళ్ళప్పుడు నేనూ శ్లాబు మీద తట్ట మోశాను. మాది రాజమండ్రి పక్క పల్లె. నాన్న అప్పు పెరిగిపోయింది. బడి మానేసి ఓ మేస్త్రి వెంట వెళ్ళాను. నా వయసెంతని ఒక్కరూ అడగలేదు. మేస్త్రి అడగలేదు, ఇల్లు కట్టించుకునే ఆసామీ అడగలేదు, రోజూ ఆ దారిన పోయే పెద్దమనుషులూ అడగలేదు. అడిగింది ఒక్క మా మేనత్త. ఆవిడ గురించి చివర్లో చెప్తాను, ఈ కథలో ఆవిడకో చోటుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లాడిని సైటు మీద పెట్టకూడదన్న మాట మన దేశంలో ఎక్కడ రాసి పెట్టారు, ఎవరు మాట్లాడారు, మరి నా దాకా ఎందుకు రాలేదు అని వెతకడం మొదలెట్టాను. వెతికితే మా ఊరావిడే కనపడింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్.

మనలో చాలామందికి ఆవిడ పేరు హైదరాబాదులో హాస్పిటల్ బోర్డు మీదో, ఆంధ్ర మహిళా సభ కాలేజీ గేటు మీదో తెలుసు. ఆవిడ 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు, కాకినాడలో పెరిగారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసేశారు. ఆ రోజుల్లో అది వింతేం కాదు. వయసొచ్చాక ఆ కాపురానికి వెళ్ళనని చెప్పేశారు, పుట్టింటి వాళ్ళు ఆవిడ పక్షాన నిలబడ్డారు. పిల్లల హక్కుల గురించి తర్వాత సభలో కూర్చున్న మనిషి, తన చిన్నతనాన్నే ఒకసారి తిరిగి లాక్కోవాల్సొచ్చిందన్నమాట.

1921లో గాంధీ గారు కాకినాడ వచ్చినప్పుడు ఆవిడకి పన్నెండేళ్ళు. ఊళ్ళో దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం ఆడవాళ్ళు ఆయన్ని చూడాలి, ఆయన మాట వినాలి అని ఈ పిల్ల పట్టుబట్టి ఏర్పాటు చేసింది. వాళ్ళని ఎవరూ సభలకి పిలవని కాలం అది.

1923లో కాకినాడ కాంగ్రెసు సభ. ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర పద్నాలుగేళ్ళ దుర్గాబాయి వాలంటీరు. నెహ్రూ గారు వచ్చారు, చేతిలో టికెట్ లేదు. లోపలికి పంపలేదు. నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి టికెట్ కొనిచ్చాకే వదిలింది. మన సైటు గేటు దగ్గర బ్యాడ్జి లేకపోతే ప్రాజెక్టు మేనేజరునైనా ఆపే సెక్యూరిటీ కుర్రాడు గుర్తొచ్చాడు నాకు. రూలంటే రూలే. ఈ గుణం ఆవిడని కడదాకా వదల్లేదు.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు, 1930 నుంచి 1933 లోపల మూడుసార్లు. మధుర జైల్లో ఒంటరి కొట్లో పెట్టారు. అక్కడ చూసిన ఆడ ఖైదీల్లో చాలామందికి చదువు రాదు, కోర్టులో తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలీదు. దాంతో లా చదవాలని నిర్ణయించుకున్నారు. బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా కట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ, మద్రాసులో 1942కి లా పూర్తి చేశారు. నడి మధ్యలో 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని మెట్రిక్‌కి కూర్చోబెట్టడం దాని మొదటి పనుల్లో ఒకటి.

ఇప్పుడు సభలోకి వెళ్దాం. 1946 డిసెంబరు 9న రాజ్యాంగ సభ మొదలైంది. అందులో ఆడవాళ్ళు పదిహేను మంది. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్ళిన మన దుర్గాబాయి ఒకరు. రికార్డుల్లో "శ్రీమతి జి. దుర్గాబాయి" అని ఉంటుంది. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆవిడ.

అక్కడ ఆవిడ చేసిన రెండు సవరణలు చెప్తాను. చూడ్డానికి చిన్నవి. మన పనిలో అర అంగుళం తేడా లాంటివి, కింద అర అంగుళమే, పైకెళ్ళేసరికి గోడే వంకర.

మొదటిది 1948లో. హిందూ దేవాలయాల తలుపులు తెరిపించే చట్టాలు ప్రభుత్వం చెయ్యొచ్చు అనే చోట, ముసాయిదాలో "ఏదో ఒక వర్గానికి లేక విభాగానికి" అన్న అర్థంలో రాశారు. దాన్ని "అన్ని వర్గాలకూ విభాగాలకూ" అని మార్చాలని ఆవిడ సవరణ పెట్టారు. ఇవాళ రాజ్యాంగంలో 25వ అధికరణం తీసి చూడండి, "అన్ని" అనే ఉంటుంది. "ఏదో ఒకటి" అంటే ఎవరో ఒకరిని బయట నిలబెట్టడానికి సందు దొరుకుతుంది. "అన్ని" అంటే దొరకదు.

రెండోది 1949లో. రాజ్యసభకి పోటీ చెయ్యాలంటే ముప్పై అయిదేళ్ళు ఉండాలన్నారు. ముప్పై చాలన్నారు ఆవిడ. తెలివి వయసుని బట్టి రాదని వాదించి ఒప్పించారు. ఇప్పటికీ ముప్పయ్యే.

పిల్లల సంగతికొస్తే ఆ సభ మూడు మాటలు రాసి పెట్టింది. ఇవి ఏ ఒక్కరో రాసినవి కావు, ఆవిడతో సహా సభంతా కూర్చుని ఒప్పుకున్నవి. 24వ అధికరణం: పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఫ్యాక్టరీలో, గనిలో, ప్రమాదకరమైన ఏ పనిలోనూ పెట్టకూడదు. 39వ అధికరణం: బాల్యాన్నీ యవ్వనాన్నీ దోపిడీ నుంచి, దిక్కులేకుండా వదిలెయ్యడం నుంచి కాపాడాలి. 45వ అధికరణం: పదేళ్ళలోగా, పద్నాలుగేళ్ళ వరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ చదువుకి ప్రయత్నించాలి. ఆ పదేళ్ళు 1960కి అయిపోయాయి. చదువు హక్కుగా మారింది 2002 సవరణతో, దాని చట్టం వచ్చింది 2009లో. ఈ మధ్యలో నాలాంటి వాళ్ళు ఎంతమంది తట్టలు మోశారో లెక్క ఎవడు కట్టాడు?

రాసినంత మాత్రాన పని జరగదని ఆవిడకి అందరికంటే ముందు అర్థమైందనుకుంటాను. తాత్కాలిక పార్లమెంటులో హిందూ కోడ్ బిల్లుని, అంటే పెళ్ళి, విడాకులు, ఆడపిల్లకి ఆస్తి విషయాల బిల్లుని గట్టిగా సమర్థించారు. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఓడిపోయి ఇంట్లో కూర్చోలేదు. ప్లానింగ్ కమిషన్ సభ్యురాలిగా వెళ్ళి, ఈసారి మాటలు కాదు, డబ్బు పట్టుకున్నారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల ద్వారా సంక్షేమానికని నాలుగు కోట్లు పక్కన పెట్టారు. అది ఖర్చు పెట్టడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పుట్టింది. మొదటి అధ్యక్షురాలు ఆవిడే. పల్లెల్లో బాలవాడీలు, కాన్పులకి సాయం, ఆడవాళ్ళకి చేతిపనులు. అంగన్‌వాడీల పథకం 1975లో వచ్చింది, దానికి ఇరవై ఏళ్ళ ముందు సంగతి ఇది.

నేనుండే ఈ టెక్సాస్‌లోనూ ఇలాంటి కథ ఒకటుంది. మోరిస్ షెపర్డ్ అని ఇక్కడి సెనేటరు. బాలింతలకీ పసిపిల్లలకీ వైద్యం కోసం కేంద్రం రాష్ట్రాలకి డబ్బివ్వాలని 1921లో ఒక చట్టం తెచ్చిన ఇద్దరిలో ఆయనొకరు. 1929లో ఆ డబ్బు ఆపేశారు. పిల్లల్ని పనిలో పెట్టడం మీద 1916లో ఇక్కడ చేసిన చట్టాన్ని రెండేళ్ళకే సుప్రీం కోర్టు కొట్టేసింది. గట్టి చట్టం నిలబడింది 1938లో. ఆ రోజు నేను ఆ కుర్రాడిని రూఫ్ దింపింది ఆ చట్టం బలంతోనే. కాబట్టి తెల్లోళ్ళ దేశంలో అన్నీ మొదటినుంచీ సవ్యంగా ఉన్నాయనుకోకండి. ఇక్కడా పడుతూ లేస్తూనే వచ్చాయి.

మళ్ళీ మన దేశానికి. దుర్గాబాయమ్మ 1981 మే 9న పోయారు. మరుసటేడు, 1982లో, ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టారు. ఎక్కడెక్కడి నుంచో వలస కూలీల్ని జమాదార్లు తోలుకొచ్చారు. రోజుకి తొమ్మిది రూపాయల పావలా కూలి రావాలి. జమాదారు అందులో రూపాయి కోసుకునేవాడు. వింటున్నారా? ఏజెంటు కమిషన్ అనేది మన తరంలో పుట్టింది కాదు. ఆ సైట్ల మీద పద్నాలుగేళ్ళ లోపు పిల్లలూ ఉన్నారు. ఒక హక్కుల సంఘం సుప్రీం కోర్టుకి ఉత్తరం రాస్తే దాన్నే కేసుగా తీసుకున్నారు. బాల కార్మికుల చట్టం జాబితాలో కట్టడాల పని లేదు కదా, అందుకని పిల్లల్ని పెట్టుకోవచ్చు అన్నది అవతలి వాదన. జస్టిస్ భగవతి ఒప్పుకోలేదు. కట్టడాల పని ప్రమాదకరమైన పనే, జాబితాలో ఉన్నా లేకపోయినా 24వ అధికరణం నేరుగా వర్తిస్తుంది అన్నారు. కనీస కూలి కంటే తక్కువిచ్చి పని చేయించుకుంటే అది వెట్టిచాకిరీ కిందికే వస్తుందని కూడా అదే తీర్పులో చెప్పారు.

ఇది చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. సభలో 1949కి ఒప్పుకున్న మాట, సైటు మీదకి రావడానికి ముప్పై మూడేళ్ళు పట్టింది. నేను తట్ట మోసింది ఆ తీర్పు వచ్చి పదేళ్ళు దాటాక. అంటే నన్ను మోయించిన రోజున చట్టం నా పక్షానే ఉంది. సైటు మీద ఆ మాట పలికే మనిషే లేడు.

అన్నానుగా, మా మేనత్త అని. ఆవిడకి చిన్నప్పుడే పెళ్ళయింది, పాతికేళ్ళు నిండకుండానే భర్త పోయాడు. సంక్షేమ బోర్డు 1958లో మొదలెట్టిన కోర్సులుండేవి. చదువాగిపోయిన పెద్ద ఆడవాళ్ళకి రెండేళ్ళలో పరీక్ష కట్టించేవి. ఆవిడ అందులో చదివి గట్టెక్కి, బాలవాడీలో టీచరుగా చేరింది. ఓ రోజు సైటు దగ్గరికొచ్చి, తట్ట నా నెత్తి మీద నుంచి తనే దించి, మేస్త్రితో "వీడికి పన్నెండేళ్ళయ్యా" అంది. అంతే. అప్పు సంగతి మా నాన్నతో తేల్చుకుంది. నేను బడికెళ్ళాను, ఆ తర్వాత ఐటీఐ, ఆ తర్వాత గల్ఫు, ఇప్పుడిక్కడ. దుర్గాబాయమ్మ ఎవరో మా మేనత్తకి పెద్దగా తెలీదు. ఆ తీర్పు సంగతి అసలే తెలీదు. ఆవిడకి చదువు దొరికింది, ఆ చదువుతో నా వయసు అడిగింది.

ఆ రూఫింగ్ ఆయన్ని మర్నాడు టీ దగ్గర కలిశాను. నా తట్ట కథ చెప్పాను. ఆయనేం మాట్లాడలేదు. పిల్లాడు మాత్రం మళ్ళీ రూఫ్ ఎక్కలేదు. వాళ్ళ ఇంటి ఇబ్బంది తీరిందా అంటే, లేదు. ఒక కూలి తగ్గింది వాళ్ళకి. ఆ బాధ నాకుంది, దాచుకోను. అందుకే దుర్గాబాయమ్మ సవరణలతో ఆగకుండా డబ్బు దగ్గరికెళ్ళారని ఇప్పుడు అర్థమవుతోంది. పిల్లాడిని దింపాలంటే ఇంట్లో ఆ కూలి లోటు ఎవరో ఒకరు పూడ్చాలి.

మనం పంపే డబ్బుతో ఊళ్ళో ఇళ్ళు లేస్తున్నాయి. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు గోడ ఎంత లేచిందని అడుగుతారుగా, దాంతోపాటు ఇంకోటి అడగండి: తట్ట మోస్తున్న వాళ్ళలో పిల్లలెవరైనా ఉన్నారా అని. ఉంటే వాడి వయసెంతో అడగమనండి. మా మేనత్త చేసింది అదే.

ఉంటానండీ. విమానం ఇంకోటి దిగుతోంది.