దిద్దిన ఫైలు ఎవరి సొత్తు?

లినక్స్ కంప్యూటర్లను చూసుకునేవారికి పరిచయమైన ప్రశ్న ఒకటుంది. పాత ప్యాకేజీ స్థానంలో కొత్తది ఎక్కుతుండగా పని ఆగి, ‘ఈ కాన్ఫిగరేషన్ ఫైలును మీరో, ఏదో స్క్రిప్టో మార్చినట్టుంది, కొత్త ప్రతిని పెట్టమంటారా, మీది ఉంచమంటారా?’ అన్న అర్థం వచ్చే సందేశం తెర మీద కనిపిస్తుంది. ఏమీ చెప్పకుండా ఎంటర్ నొక్కితే ఉన్నదే ఉంటుంది. ఈ మర్యాద డెబియన్ తొలి రోజులనాటిది.

డెబియన్‌ను 1993 ఆగస్టులో ప్రకటించినవాడు ఇయాన్ మర్డాక్, అప్పటికి పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. అందులో ప్యాకేజీలను ఎక్కించే డీపీకేజీ అనే ప్రోగ్రామును తరవాతి ఒకటి రెండేళ్ళలో ఇయాన్ జాక్సన్ సీ భాషలో తిరిగి రాశాడు. ప్రోగ్రాములూ లైబ్రరీలూ ప్యాకేజీ సొత్తు; కొత్తవి వస్తే పాతవి పోతాయి. ఈటీసీ డైరెక్టరీలోని కాన్ఫిగరేషన్ ఫైళ్ళ సంగతి వేరు. వాటిని తెచ్చింది ప్యాకేజీయే అయినా, ఎవరి మెయిలు తీసుకోవాలి, ఎవరిని లోపలికి రానివ్వకూడదు అన్న దిద్దుబాట్లు యంత్రాన్ని నడిపే మనిషివి. అవి చెప్పాపెట్టకుండా చెరిగిపోతే యంత్రం ఆగకపోవచ్చు. మూసిన తలుపులు తెరుచుకుని, ఎప్పటిలాగే నడుస్తూ ఉండవచ్చు.

డీపీకేజీ తాను ఇచ్చిన ప్రతి కాన్ఫిగరేషన్ ఫైలుకూ ఒక ఎండీ5 ముద్రను దాచుకుంటుంది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ ముద్ర మారిపోతుంది. కొత్త ప్యాకేజీ వచ్చినప్పుడు మూడింటిని పోల్చుతుంది: అప్పుడు ఇచ్చినది, ఇప్పుడు ఉన్నది, కొత్తగా వచ్చినది. మనిషి ముట్టుకోకపోతే కొత్తది పెడుతుంది. మనిషి మాత్రమే మార్చి ఉంటే ఉన్నది వదిలేస్తుంది. ఇద్దరూ మార్చినప్పుడే ప్రశ్న. వైద్యుణ్ణి కనుక ఇది నాకు కొత్తగా తోచలేదు. రోగి ఆసుపత్రి మారి వచ్చినప్పుడు మేమూ మునుపటి డాక్టరు రాసిన మందులు, రోగి నిజంగా మింగుతున్నవి, మేము రాయబోయేవి పక్కపక్కన పెట్టి చూస్తాం. మొదటి జాబితా దొరక్కపోతే, రెండోదానిలోని తేడా ఎవరి నిర్ణయమో తెలియదు.

ఒక ప్యాకేజీని వేరే పేరుగల ప్యాకేజీ తొలగించి ఆ స్థానంలోకి వచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఫైలు చోటూ పేరూ అవే అయితే, డీపీకేజీ పాత ప్యాకేజీ దగ్గరున్న ముద్రను కొత్తదానికి అప్పగిస్తుంది. జ్ఞాపకం వారసత్వంగా వస్తుంది. చోటు మారితే ఆ తీగ తెగిపోతుంది. ఫైలును పాత దిద్దుబాట్లతో సహా కొత్త చోటికి తరలించే సహాయక స్క్రిప్టు డీపీకేజీతో పాటు రావడం 2010లో గాని జరగలేదు. అంతవరకూ ప్యాకేజీ తయారుచేసేవారు ఎవరికి వారే రాసుకున్నారు.

చోటే కాదు, ఫైలు భాషే మారితే? కేంబ్రిడ్జిలో ఫిలిప్ హేజెల్ రాసిన ఎగ్జిమ్ అనే మెయిలు సర్వర్ మూడో రూపు నుంచి నాలుగో రూపుకు మారినప్పుడు అదే జరిగింది. పాత ఫైలు కొత్త ప్రోగ్రాముకు అర్థం కాదు. మార్చిపెట్టడానికి రచయితలు ఒక స్క్రిప్టు ఇచ్చారు. 2005 జూన్‌లో విడుదలైన డెబియన్ సార్జ్‌లో నాలుగో ఎగ్జిమ్ వేరే పేరుతో, ఈటీసీలో వేరే డైరెక్టరీతో వచ్చింది. ముద్ర ఫైలులోని అక్షరాలను కాపాడగలదు, వాటి అర్థాన్ని కాదు. ఇక్కడ మనిషి కూర్చుని చదువుకోవలసిందే.

తొలగించిన ప్యాకేజీ కూడా పూర్తిగా పోదు. ‘పర్జ్’ చేయమని విడిగా చెప్పేవరకూ దాని కాన్ఫిగరేషన్ ఫైళ్ళు ఉండాలని డెబియన్ విధానపత్రం శాసిస్తుంది. రోజువారీ క్రాన్ స్క్రిప్టులూ ఆ కోవలోవే కనుక, ప్రోగ్రాము పోయినా అవి వేళకు లేస్తూనే ఉంటాయి. అందుకే, ముందు తమ ప్రోగ్రాము ఉందో లేదో చూసుకుని, లేకపోతే కిమ్మనకుండా తప్పుకోవాలని వాటికి మరో నియమం. దెయ్యాలకు నడవడి నేర్పినట్టుంటుంది!

రెడ్‌హ్యాట్ వారి ఆర్‌పీఎమ్ ఏమీ అడగదు. పక్కన మనిషి లేకపోయినా పని సాగాలన్నది దాని పద్ధతి. ఇద్దరూ మార్చిన ఫైలు విషయంలో, ప్యాకేజీ తయారుచేసినవారు ‘నోరీప్లేస్’ అని రాసి ఉంటే, మన ఫైలు నిలిచి కొత్తది ‘ఆర్‌పీఎమ్‌న్యూ’ తోకతో పక్కన చేరుతుంది. లేకపోతే కొత్తది ఆసనమెక్కి, మనది ‘ఆర్‌పీఎమ్‌సేవ్’ అయి పక్కకు పోతుంది. రెండిట్లోనూ ఏదీ నశించదు. కానీ ఎవరి మాట నెగ్గాలో ముందే తేల్చినవాడు ఎక్కడో ప్యాకేజీ కట్టినవాడు. నాకు డెబియన్ వారి ప్రశ్నే నచ్చుతుంది, అర్ధరాత్రి వేళ వెయ్యి యంత్రాలను ఒకేసారి మార్చేవారు ఒప్పుకోకపోయినా.