మూడోవాడికి ఓటేస్తే వేస్టేనా?

అమెరికాలో ఓటు హక్కు వచ్చిన మనవాళ్ళు మొదటిసారి బ్యాలెట్ పేపర్ చూసినప్పుడు ఆశ్చర్యపోయే విషయం ఒకటుంది. చాలా రాష్ట్రాల్లో గవర్నరుతో పాటు అటార్నీ జనరల్‌ని కూడా జనమే ఎన్నుకోవాలి. 50 రాష్ట్రాల్లో 43 చోట్ల ఇదే పద్ధతి (మనవాళ్ళు కిక్కిరిసి ఉండే న్యూజెర్సీలో మాత్రం గవర్నరే నియమిస్తారు). రిపబ్లికన్, డెమోక్రాట్ పేర్ల కింద తరచుగా ఇంకో పేరు కూడా కనిపిస్తుంది. 2018లో టెక్సాస్‌లో అలా నిలబడ్డ లిబర్టేరియన్ అభ్యర్థి మైకేల్ రే హ్యారిస్‌కి రెండు లక్షల పైచిలుకు ఓట్లొచ్చాయి. శాతంలో చెప్పాలంటే 2.4. గెలిచిన కెన్ పాక్స్‌టన్‌కి 50.6, ఓడిన జస్టిన్ నెల్సన్‌కి 47. ఇలాంటి లెక్కలు చూసే "మూడోవాడికి వేస్తే ఓటు వేస్ట్" అంటారు అందరూ.

మన దగ్గర అటార్నీ జనరల్‌కి సమానమైన పదవి అడ్వకేట్ జనరల్. రాజ్యాంగం 165వ అధికరణ ప్రకారం, హైకోర్టు జడ్జి కాగల అర్హత ఉన్న వ్యక్తిని గవర్నరు నియమిస్తారు. అంటే నిజానికి ప్రభుత్వమే ఎంచుకుంటుంది. ప్రభుత్వం మారితే సాధారణంగా ఆయనా మారతారు. కాబట్టి ఆ పదవికి మూడో పార్టీ అభ్యర్థి అన్న ప్రశ్నే రాదు. కానీ మూడోవాడి ఓటు సంగతి తేల్చాలంటే మనం టెక్సాస్ దాకా వెళ్ళక్కర్లేదు. బెజవాడ చుట్టుపక్కల 1952 నుంచి 1955 దాకా జరిగింది చూస్తే చాలు. అందులో ముఖ్యపాత్ర కూడా ఒక లాయరుదే.

టంగుటూరి ప్రకాశం పంతులు లండన్‌లో బారిస్టరీ చదివి, మద్రాసులో బాగా సంపాదించి, 1921లో ప్రాక్టీసు వదిలేసిన మనిషి. 1946-47లో ఉమ్మడి మద్రాసుకి ప్రధానిగా చేశారు. అలాంటాయన 1951లో కాంగ్రెస్ వదిలి బయటికొచ్చేశారు. ఎన్.జి. రంగా కూడా వచ్చారు. ఇద్దరూ కలిసి ప్రజా పార్టీ పెట్టారు గానీ ఎక్కువ కాలం కలిసి ఉండలేదు. రంగా కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నారు. ప్రకాశం కృపలానీతో కలిసి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలోకి వెళ్ళారు. ఇంకేముంది, 1952 ఎన్నికల్లో కాంగ్రెస్, కమ్యూనిస్టులు కాకుండా ఒకటికి రెండు మూడో పార్టీలు తయారయ్యాయి!

ఫలితం ఏమైంది? ఆంధ్ర జిల్లాల్లోని 140 అసెంబ్లీ సీట్లలో కమ్యూనిస్టులకి 41, కాంగ్రెస్‌కి 40, ప్రకాశం పార్టీకి 20, రంగా పార్టీకి 15. కమ్యూనిస్టులకి వచ్చిన ఓట్లు సుమారు 22 శాతమే. కృష్ణా డెల్టాలో వాళ్ళకి గట్టి బలం ఉన్న మాట నిజమే, కానీ మిగతా ఓట్లు మూడు ముక్కలవటం కూడా బాగా కలిసొచ్చింది. విజయవాడ లోక్‌సభ సీటు అయితే సరోజినీ నాయుడు గారి తమ్ముడు, కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయ గెలుచుకున్నారు. ఇండిపెండెంటుగా, కమ్యూనిస్టుల మద్దతుతో.

ఇక్కడిదాకా చూస్తే "మూడోవాడు ఓట్లు చీల్చాడు, అంతకు మించి చేసిందేం లేదు" అనిపిస్తుంది. కానీ కథ అక్కడితో ఆగలేదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఎవరికీ మెజారిటీ లేదు. మొదటి ముఖ్యమంత్రి ఎవరయ్యారు? పెద్ద పార్టీల వాళ్ళు కాదు, చిన్న పార్టీ ప్రకాశమే. కాంగ్రెస్‌తో పొత్తుకి తన పార్టీ ఒప్పుకోకపోతే దాన్ని కూడా వదిలేసి మళ్ళీ ప్రజా పార్టీ పేరుతో నిలబడ్డారు. కాంగ్రెస్ మద్దతిచ్చింది, సంజీవరెడ్డి ఉప ముఖ్యమంత్రి అయ్యారు. కమ్యూనిస్టులు విజయవాడ-గుంటూరు ప్రాంతంలో రాజధాని కావాలన్నా, అది కర్నూలుకి వెళ్ళింది. హైకోర్టు 1954లో గుంటూరుకి వచ్చింది. ఈ ప్రాంతపు తలరాత రాసిన ఆ నిర్ణయాలు అమలైన వేళ కుర్చీలో ఉన్నది మూడో పార్టీ మనిషి. మరి 1952లో ఆయన పార్టీకి పడ్డ ఓట్లు వేస్టా?

13 నెలలకే ప్రభుత్వం పడిపోయింది. మద్యనిషేధం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానం, 1954 నవంబర్, ఒకే ఒక్క ఓటు తేడా. కల్లుగీత కార్మికుల తరఫున నిలబడ్డ గౌతు లచ్చన్న అప్పటికే ప్రభుత్వానికి దూరమయ్యారు.

1955లో మళ్ళీ ఎన్నికలు. ఈసారి కాంగ్రెస్ పాఠం నేర్చుకుంది. ప్రకాశం పార్టీని, రంగా పార్టీని కలుపుకుని ఒకే కూటమిగా వచ్చింది. మొత్తం 196 సీట్లలో కూటమికి 146. కమ్యూనిస్టులకి 15! విచిత్రం ఏంటంటే వాళ్ళ ఓట్లు తగ్గలేదు, 31 శాతానికి పెరిగాయి. ఎక్కువ సీట్లలో పోటీ చెయ్యటం అందుకు ఒక కారణం అనుకోండి. నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సోవియట్ పత్రిక ప్రావ్దా రాసిన సంపాదకీయాన్ని కాంగ్రెస్ ఊరూరా ప్రచారం చేసింది, అదీ పని చేసింది. అయినా అసలు దెబ్బ చీలిక మూసుకుపోవటమే. గన్నవరంలో పుచ్చలపల్లి సుందరయ్య లాంటి కొద్దిమందే నిలబడగలిగారు.

ఇక్కడే నాకు అసలు ప్రశ్న కనిపిస్తుంది. కూటమి గెలిచింది సరే, మూడో పార్టీలు ఏమయ్యాయి? బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ప్రకాశం 1957లో కన్నుమూశారు. రంగా కాంగ్రెస్‌లోకి తిరిగి వెళ్ళి, అక్కడ ఇమడలేక, 1959లో స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడయ్యారు. అంటే పార్టీ కలిసిపోయినా ఆయన అడిగే ప్రశ్న కలిసిపోలేదన్నమాట. దానికోసం మళ్ళీ ఇంకో పార్టీ పెట్టాల్సొచ్చింది.

ఇదే సినిమా మనం 2009లో కూడా చూశాం. ప్రజారాజ్యానికి 16 శాతం ఓట్లొచ్చి, 294లో 18 సీట్లే దక్కాయి. అందులో విజయవాడ తూర్పు, పశ్చిమ రెండూ ఉన్నాయి. 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మన ఐటీ వాళ్ళు ఎంతో ఆశ పెట్టుకున్న లోక్‌సత్తాకి కూకట్‌పల్లి ఒక్కటే దక్కింది. 2019లో జనసేనకి ఒక్క సీటు. అదే జనసేన 2024లో టీడీపీ, బీజేపీలతో కలిస్తే 21కి 21! డెల్టాలో అవనిగడ్డ, మచిలీపట్నం లోక్‌సభ కూడా గెలిచింది. అవనిగడ్డ అభ్యర్థి మండలి బుద్ధప్రసాద్ ఎన్నికల ముందే టీడీపీ నుంచి వచ్చారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇదంతా చూశాక నాకు అర్థమైంది ఇది. మన ఎన్నికల పద్ధతిలో మూడోవాడికి సీట్లు ఓట్లని బట్టి రావు, పొత్తుని బట్టి వస్తాయి. కానీ పొత్తులో అతనికి బేరమాడే బలం వచ్చేది అంతకు ముందు ఒంటరిగా నిలబడ్డప్పుడు పడ్డ ఓట్ల వల్లే. 1952లో ఆ 20 సీట్లు లేకపోతే 1953లో ప్రకాశాన్ని పిలిచేవాళ్ళెవరు? అందుకని ఓడిపోయే మూడోవాడికి వేసిన ఓటు వేస్ట్ అంటే నేను ఒప్పుకోను. గెలిచాకో, కలిసిపోయాకో అతను ఏ పని కోసం నిలబడ్డాడో దాన్ని వదిలేస్తే మాత్రం కచ్చితంగా వేస్టే. అందుకే ఈసారి ఎవరైనా మూడో పార్టీ అంటూ వస్తే "గెలుస్తావా?" అని అడక్కండి. "రేపు పెద్ద పార్టీతో కలిస్తే, వాళ్ళ దగ్గర ఏం తీసుకుని కలుస్తావు?" అని అడగండి. జవాబు సూటిగా చెప్పినవాడికి, ఓడిపోతాడని తెలిసినా, నా ఓటు వేస్తాను.

మీరేమంటారు?